ఎండను అడగకుండా గీసిన ప్లాను

పోస్టు కాస్త పెద్దది. కోతల హడావిడిలో ఉన్నారని తెలుసు. రాత్రి తీరిగ్గా చదవండి, కానీ ఆదివారం సమావేశానికి ముందే చదవండి.

పోయిన వారం గ్రూపులో మన కొత్త సముదాయ భవనం అని ఒక ఫొటో పెట్టారు. ముందంతా నీలం అద్దాలు, వాటి చుట్టూ వెండి రంగు షీట్లు, లోపల ఫాల్స్ సీలింగు, పక్కన జనరేటరుకి ఒక గది. నిజానికి అది మన ప్లానే కాదు. హైదరాబాదు శివార్లలో ఎక్కడిదో ఫంక్షన్ హాలు ఫొటో తెచ్చి కింద మన సంఘం పేరు అతికించారు. లైకులు బాగానే వచ్చాయి. మేము నలుగురైదుగురం మాత్రం లైకు కొట్టలేకపోయాం. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాం. కమిటీ మీద కోపం ఏమీ లేదు. కమిటీలో ఉన్నవాళ్ళు మా అన్నదమ్ములూ బావలే. మాలో ఇద్దరం ఆ కమిటీలోనే ఉన్నాం.

ముందు పాత హాలు సంగతి చెప్పుకోవాలి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు చూసి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన మన పెద్దలు గుడి తర్వాత కట్టుకున్నది ఈ హాలే. రాతి గోడలు, పైన మంగళూరు పెంకు, కింద శాబాదు బండలు, చుట్టూ వసారా. ఆర్కిటెక్టు అన్న మాట వాళ్ళు విని ఉండరు. కానీ వసారా లేకుండా గోడ మీద ఎండ పడనిస్తే లోపల కూర్చోలేమని వాళ్ళకి తెలుసు. తర్వాత మన తరం వచ్చింది. చోటు చాలడం లేదని వసారా కలిపేసి గోడలు బయటికి జరిపాం. పెంకు తీసి స్లాబు వేశాం. చెక్క కిటికీలు తీసి అల్యూమినియం స్లైడింగు పెట్టాం, అంటే ఏ కిటికీ అయినా సగమే తెరుచుకుంటుంది. ఆ తీర్మానం పుస్తకంలో మా సంతకాలూ ఉన్నాయి, ఎవరినో అనేది ఏమీ లేదు.

పోయిన మే నెలలో ఒక పెద్దకర్మ భోజనాలప్పుడు జరిగింది మీలో చాలామంది చూశారు. కరెంటు పోయింది. జనరేటరు రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. స్లాబు కింద మూడు వందల మంది. వడ్డన సగంలో ఉండగా ఒక ముసలమ్మ విస్తరి ముందే ఒరిగిపోయింది. మోసుకెళ్ళి బయట వేపచెట్టు కింద పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి విసిరితే పావుగంటకు కళ్ళు తెరిచింది. మనం అంత ఖర్చు పెట్టి బాగుచేసుకున్న భవనం ఇవ్వలేని చల్లదనం ఆ చెట్టు ఇచ్చింది.

ఆ తర్వాతే మేము ఈ విషయం మీద చదవడం, కనుక్కోవడం మొదలుపెట్టాం. మనకు మిల్లు తెలుసు, మడి తెలుసు. భవనాల గురించి మాకు తెలిసింది తక్కువని ఒప్పుకుంటూనే, తెలుసుకున్నది చెబుతాం.

చార్లెస్ కొరియా పేరు విన్నారా? 1930లో పుట్టింది సికింద్రాబాదులోనే. దేశంలో పేరున్న ఆర్కిటెక్టుల్లో ముందు వరుస మనిషి, 2015లో పోయారు. భవనం రూపాన్ని వాతావరణమే నిర్ణయించాలన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న మాట. 1960ల మొదట్లో అహమ్మదాబాదులో ఆయన ఒక ఇల్లు గీశారు, ట్యూబ్ హౌస్ అంటారు. సన్నగా పొడుగ్గా ఉండేది. పైకప్పు ఏటవాలుగా లేచి, కొసన తెరిపి ఉండేది. వేడిగాలి తేలిక కాబట్టి ఆ వాలు వెంట పాకి పైనుంచి పోయేది, కింద నుంచి చల్లగాలి లోపలికి వచ్చేది. ఫ్యాను అక్కర్లేని ఫ్యాను అనుకోండి. పొగ పోవడానికి మన పాత వంటిళ్ళలో పెంకు మధ్య వదిలే సందుకూ దీనికీ సూత్రం ఒకటే. 1963లో పూర్తయిన సబర్మతి గాంధీ స్మారక సంగ్రహాలయం కూడా ఆయనదే. ఇటుక స్తంభాలు, పెంకు కప్పు, రాతి నేల, కిటికీలకి అద్దాల బదులు చెక్క పలకలు. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి చూసే భవనం అది. అద్దం లేకపోతే మన భవనానికి హోదా ఉండదని గ్రూపులో రాసిన తమ్ముడు ఒకసారి ఆ ఫొటోలు చూడాలి.

రెండో పేరు బాలకృష్ణ దోషి. పుణెలో 1927లో పుట్టారు, ప్యారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేసి వచ్చారు. 1962లో అహమ్మదాబాదులో ఆర్కిటెక్చరు స్కూలు పెట్టారు. దాని భవనమూ ఆయనే గీశారు. నీడా గాలీ ఆడే మెట్ల మీద, చెట్ల కింద కూర్చుని కూడా పాఠం జరగాలన్నది ఆయన పద్ధతి. ప్రిట్జ్కర్ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడు, అది 2018లో. 2023లో కన్నుమూశారు. మన పిల్లలు బెంగళూరులో బన్నేరుఘట్ట రోడ్డు మీద రోజూ దాటిపోయే ఐఐఎం ఆయన గీసిందే. బూడిదరంగు రాతి గోడలు, పొడుగాటి నడవలు, వాటి మీద ఎండను జల్లెడ పట్టే పందిరి దూలాలు, మధ్యలో తోటలు. అక్కడ గదులకంటే నడవలే గుర్తుండిపోతాయి. పెళ్ళిలో కూడా అంతే కదా. హాలు మధ్య కూర్చునేది తాళి కట్టే గంట మాత్రమే. మిగిలిన రోజంతా వసారాలో, మెట్ల మీద, చెట్టు కింద ముచ్చట్లే. మనం ఆ చోటునే తీసేసి హాలులో కలిపేశాం.

అహమ్మదాబాదులో దోషి తన ఆఫీసు సంగాత్ మీద ఒక పని చేశారు, అది మాకు బాగా నచ్చింది. గుండ్రటి కప్పుల మీద తెల్ల పింగాణీ పెంకు ముక్కలు పరిచారు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, స్లాబు కాగదు. పలిగిన టైల్సు సింధనూరులో ఏ టైల్సు షాపు వెనక చూసినా కుప్పలుగా ఉంటాయి. పాత హాలు స్లాబు మీద ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు, దానికి తీర్మానం కూడా అక్కర్లేదనుకుంటాం.

లారీ బేకర్ గురించి మీలో కేరళ వెళ్ళొచ్చినవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఇంగ్లండులో పుట్టి, 1945లో మన దేశం వచ్చి, తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో అక్కడే పోయిన మనిషి. ఇల్లు కట్టే సామాను ఐదు మైళ్ళ లోపు దొరికేదై ఉండాలని గాంధీగారు చెప్పిన మాట తనని మార్చిందని ఆయన చెప్పుకునేవారు. ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టేవారు. ఇటుక పావు వంతు మిగులుతుంది, ఆ ఖాళీలో ఉన్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. బేకర్ దగ్గర పని నేర్చిన జెరార్డ్ డ కున్యా మనకి పక్కనే, బళ్ళారి జిల్లా తోరణగల్లులో, ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళ విద్యానగర్ టౌన్‌షిప్ గీశారు. ఎండాకాలంలో ఒకసారి వెళ్ళి చూసొద్దాం, బండి మాట్లాడే పూచీ మాది.

అయితే ఒకటి. బేకర్ చేసిందల్లా మనకి పనికొస్తుందని మేము అనడం లేదు. అది వానల దేశం, మనది ఎండల దేశం. మన మేస్త్రీలకు ఆ ఖాళీ గోడ అలవాటు లేదు, అలవాటు లేని పని చేయిస్తే ఇటుకలు మిగిలిన డబ్బు కూలికే పోతుంది. ఐదు మైళ్ళ లెక్క మాత్రం వేసి చూశాం. మన చుట్టూ దొరికేది రాయి. రాయచూరు కోటలో నలభై అడుగులు దాటిన ఒకే రాతి పలక గోడలో ఉంది కదా, 1294 నాటి శాసనంతో. దాన్ని బండి మీద ఎలా లాక్కొచ్చారో పక్కనే బొమ్మ కూడా చెక్కారు. ఏడు వందల ఏళ్ళుగా ఆ రాయి ఎండలోనే ఉంది, దానికి పాలిషూ అక్కర్లేదు, షీటూ అక్కర్లేదు. మనమేమో ఆ జిల్లాలో కూర్చుని అల్యూమినియం షీటు తెప్పిస్తున్నాం.

ఇంకొకటి కూడా ఐదు మైళ్ళ లోపు దొరుకుతుంది, కావాలన్నా వద్దన్నా. నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. పాత హాలు తూర్పు గోడ పగులు దాని పనే. కొత్త సైటూ అదే మట్టి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల్లోనే ఇలాంటి నేలకి అడుగున బుడ్డిలా వెడల్పయ్యే పైల్స్ పద్ధతి తయారుచేసింది. అది కావాలా, లేక రేగడి తవ్వేసి మొరం నింపితే చాలా అన్నది మట్టి పరీక్ష చేస్తే గానీ తెలియదు. ఇప్పటిదాకా కొత్త భవనం వాస్తు గురించి ముగ్గురిని అడిగాం. మట్టి గురించి ఒక్కరినీ అడగలేదు. గాలి గురించి అసలే అడగలేదు. వాస్తు వద్దని కాదండీ, అది చూసిన కళ్ళతోనే ఇవీ చూద్దామని.

ఏసీ పెడితే ఇవన్నీ అక్కర్లేదు కదా అని ఒక బాబాయి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పెళ్ళి ముహూర్తాల రోజుల్లో ఏసీ వేస్తారు, సరే. మిగిలిన రోజులు? మహిళా సంఘం మీటింగుకీ, పిల్లల ట్యూషనుకీ, మధ్యాహ్నం పేకాట పెద్దమనుషులకీ ఏసీ ఎవరు వేస్తారు? అద్దాల హాలులో ఏసీ లేకపోతే అది పొయ్యి. ఇంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. కరెంటు బిల్లు పెరిగితే అద్దె పెరుగుతుంది. ఇప్పుడు ఈ హాలులో పెళ్ళి చేసుకునేది ఎవరు? ఉన్నవాళ్ళు ఎటూ బళ్ళారి, హైదరాబాదు పోతున్నారు. మన దగ్గరికి వచ్చేది రెండెకరాల కౌలు రైతు, మిల్లు గుమాస్తా, మన పొలాల్లో పనిచేసే కూలీల కుటుంబాలు, కన్నడవాళ్ళు, తెలుగువాళ్ళు ఇద్దరూను. అద్దె వాళ్ళకి అందకపోతే మళ్ళీ రోడ్డుకి అడ్డంగా షామియానాయే. అప్పుడు ఈ చందాలు ఎవరి కోసం వసూలు చేసినట్టు?

మనకి ఆదర్శం కావాలంటే బుర్కినా ఫాసోలో ఉంది. ఆఫ్రికాలో మనలాంటి ఎండల ఊరు, గాండో. ఆ ఊళ్ళో బడి లేక పక్క ఊరికి పోయి చదివిన పిల్లవాడు డియెబెదో ఫ్రాన్సిస్ కెరె, జర్మనీలో ఆర్కిటెక్చరు చదువుతూనే చందాలు పోగుచేసి 2001లో తన ఊరికి బడి కట్టాడు. ఊరివాళ్ళే మట్టి ఇటుకలు చేశారు. లోపల ఇటుకతోనే సీలింగు, దాని మీద కొంత ఎత్తున సన్నని ఇనుప కడ్డీల మీద రేకు. ఎండ రేకు మీద పడుతుంది, రేకుకీ సీలింగుకీ మధ్య గాలి ఆడిపోతుంది, కింద పిల్లలు చల్లగా కూర్చుంటారు. అదే రేకు, మన మిల్లు షెడ్డు మీద ఉండేదే. అక్కడ దాన్ని గొడుగు చేశాడు. 2022లో ఆయనకీ ప్రిట్జ్కర్ ఇచ్చారు.

ఇక ఫీజు సంగతి. ఆర్కిటెక్టుకి ఇచ్చేది దండగ అని, మన ఇంజినీరే ప్లాను గీసిస్తాడని అంటున్నారు. ఆ ఇంజినీరు మంచివాడు, స్లాబు పడిపోకుండా లెక్క కట్టగలడు. కానీ ఆ స్లాబు కింద మనిషి ఎలా కూర్చుంటాడన్నది వేరే చదువు. అది అయిదేళ్ళ చదువు, 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్ళే ఆ పేరు పెట్టుకోవాలి. విజయవాడలో 2008 నుంచి కేంద్రం వాళ్ళ స్కూలు నడుస్తోంది, హైదరాబాదులో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది. మన క్యాంపుల పిల్లలూ ఈ చదువులో ఉన్నారు. సెలవులకి ఇంటికి వస్తే వాళ్ళని స్టేజీ డెకరేషను అడుగుతున్నాం. సైటుకి తీసుకెళ్ళి పడమటి ఎండ ఎంతదాకా వస్తుందో కొలిచి చెప్పమ్మా అని అడిగామా? ముందు గేటుకి, ఆర్చీకి పెట్టిన బడ్జెట్టు తగ్గిస్తే ఫీజుకి సరిపోవచ్చు.

మేము కోరేది భవనం ఆపమని కాదు. ఈ ఫొటోని పక్కనపెట్టి, మట్టి పరీక్ష చేయించి, వేసవిలో మధ్యాహ్నం సైటులో నిలబడి చూసే ఆర్కిటెక్టుని ఒకరిని పిలిచి, ఆ తర్వాత ఓటు పెట్టండి. ఆ వేపచెట్టు కొత్త ప్లానులో పార్కింగు కిందకి వచ్చింది, అది మాత్రం కదలకూడదు.

ఆదివారం సమావేశం సాయంత్రం ఏడింటికి అని పెట్టారు. దయచేసి మధ్యాహ్నం రెండింటికి మార్చండి. పాత హాలులోనే, ఫ్యాన్లు ఆపి కూర్చుందాం. మజ్జిగ మేము తెస్తాం.