దాసికి కూడా విశ్రాంతి: మన ఇళ్లలో, మన చర్చిల్లో వారానికో సెలవు ఇద్దాం



పది ఆజ్ఞలు మనకు కంఠతా వచ్చు. సండేస్కూల్లో చేతులు కట్టుకుని నిలబడి గడగడా అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్నవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఫ్రేము కట్టించి హాల్లో గోడకు తగిలించుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఆ ఫ్రేము కిందే ఆదివారం పొద్దున్నే పనమ్మాయి తడిగుడ్డ పెడుతూ ఉంటుంది. "తొందరగా కానియ్యమ్మా, ఆరాధనకు టైమైపోతోంది" అని ఆమెను కంగారుపెడతాం. మధ్యాహ్నం చుట్టాలతో కలిసి కోడికూర, పులావు తిని లేచేసరికి సింకు నిండా అంట్లు. ముక్కలు వేయించిన మూకుడు అడుగంటి ఉంటుంది, అది నానబెట్టి ఆమె కోసం పక్కన పెడతాం. సాయంత్రం ఆమె మళ్లీ రావాలి. మామూలు రోజుకంటే ప్రభువు దినమే ఆమెకు చాకిరీ ఎక్కువ.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. మన ఇళ్లలో పనిచేసేవాళ్లకు, మన చర్చిల్లో, బడుల్లో, హాస్టళ్లలో ఊడ్చేవాళ్లకు, వండేవాళ్లకు, కాపలా కాసేవాళ్లకు వారానికి ఒక పూర్తి రోజు, జీతం కొయ్యకుండా సెలవు ఇవ్వాలి. ఎవరి మంచితనానికి వాళ్లు వదిలేసుకునే సంగతి కాదిది, సాక్షాత్తూ పది ఆజ్ఞల్లో ఉంది.

విశ్రాంతి దినపు ఆజ్ఞను మనం నాలుగోది అంటాం. కాథలిక్కులు, లూథరన్లు మూడోదిగా లెక్కపెడతారు. లెక్క ఎలా ఉన్నా, ఆ ఆజ్ఞ బైబిల్లో రెండుచోట్ల, రెండు కారణాలతో ఉంది. నిర్గమకాండం 20వ అధ్యాయం చెప్పే కారణం అందరికీ తెలుసు: దేవుడు ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలోని కారణం మాత్రం ప్రసంగాల్లో అంతగా వినపడదు. అక్కడ మోషే సృష్టి ఊసెత్తడు. ఐగుప్తులో వాళ్లూ బానిసలేనన్న సంగతి జనానికి గుర్తుచేస్తాడు. యజమాని ఎలా సేద తీరతాడో అతని దాసుడూ దాసీ అలాగే సేద తీరాలని, ఆ ఆజ్ఞ అందుకే పుట్టిందని చెబుతాడు. రోజంతా వాక్యం వింటూ కూర్చున్నా, దాసి చేతిలో చీపురు ఉంటే ఆజ్ఞ సగమే నెరవేరినట్టు.

విశ్రమించాల్సినవాళ్లంటూ ఆ ఆజ్ఞ ఇచ్చిన జాబితాలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, గుమ్మం లోపలున్న పరదేశి అందరూ ఉన్నారు. భార్య పేరు విడిగా లేదు. దాన్నిబట్టే ఆవిడకు సెలవు లేదని మన మగవాళ్లు తేల్చేసుకున్నట్టున్నారు! పనమ్మాయికి సెలవిచ్చి ఆ అంట్లు భార్య నెత్తిన పడేస్తే చాకిరీ చేతులు మారినట్టే, తగ్గినట్టు కాదు. ఇంటాయన, ఎదిగిన కొడుకూ చొక్కా చేతులు పైకి మడవాల్సిందే.

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబాలకు ఇదంతా ఇంటి చరిత్రే. 1866లో అక్కడికొచ్చిన మిషనరీ క్లౌ దొరగారు, తొలి మాదిగ విశ్వాసుల్లో ఒకరైన ఎర్రగుంట్ల పేరయ్యగారు మాదిగపల్లెల్లో సువార్త చెప్పిన రోజుల్లో కొత్త విశ్వాసులకు పెట్టిన కట్టుబాట్లు మూడే. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పనికి పోకూడదు. ఈ మూడోది ఊరి ఆసాములకు సూటిగా తగిలింది. తాతల కాలం నుంచి పిలిస్తే పరుగెత్తుకు రావలసిన మనిషి, అదీ పనుల రోజుల్లో, ఇవాళ రానన్నాడు. దానికి ఫలితం వెంటనే అనుభవించాడు. చెప్పులు కుట్టే పని ఆపేశారు, కోతల్లో దక్కాల్సిన గింజలు ఆపేశారు. ఏడాది తిండి ఆ గింజల మీదే ఆధారపడ్డ కుటుంబాలవి. 1878లో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనం వార్షికోత్సవాల్లో గర్వంగా చెప్పుకుంటాం. అంతకుముందే ఒక్క రోజు విశ్రాంతి కోసం కడుపు మాడ్చుకున్నవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి.

వాళ్ల మునిమనవళ్లు ఇవాళ టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు. సంతోషం. ఆ ఇళ్లలో పనమ్మాయి ఒక ఆదివారం రాకపోతే "నాగా పెట్టింది" అంటున్నాం. నెలాఖరున నాగాలు లెక్కగట్టి కోసుకుంటున్నాం. నూటయాభై ఏళ్ల కిందట ఆసామి అన్నదీ అటువంటి మాటే.

కడప, గోదావరి జిల్లాల సంఘాల్లో గల్ఫ్‌లో ఇంటిపని చేసే అక్కచెల్లెళ్ల కోసం ప్రార్థన చేస్తుంటాం. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్రవారం గనక తెలుగు ఆరాధనలూ ఆ రోజే జరుగుతాయి. అక్కడ 2015లో వచ్చిన ఇంటి పనివారి చట్టంలో జీతంతో కూడిన వారపు సెలవుంది. అయినా బయటికి పంపని ఇంట్లో చిక్కుకున్న బిడ్డ ఫోన్లో ఏడిస్తే మనం ఉపవాసముండి మరీ ప్రార్థిస్తాం. మంచిదే. ఆ కువైట్ యజమానురాలి స్థానంలో ఇక్కడ మనమే ఉన్నామన్నది కూడా ఆ ప్రార్థనలో గుర్తుకు రావాలి. ఇంటి పనివాళ్లకు వారానికి కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. ఆజ్ఞ మన చేతిలో ఉండగా చట్టం కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు.

ఇక అభ్యంతరాలు. మనం కృప కింద ఉన్నాం, ధర్మశాస్త్రం కింద లేమని కొందరంటారు. రోజుల పట్టింపు వద్దని పౌలు రోమా, కొలొస్సయి పత్రికల్లో చెప్పిన మాట నిజమే. అందుకే ఏ రోజన్నది ఆమె ఇష్టానికి వదిలేద్దాం. ఆమె ముస్లిం అయితే శుక్రవారం అడగొచ్చు, హిందువైతే పిల్లల బడికి సెలవున్న రోజు అడగొచ్చు. క్రైస్తవురాలు కానిదానికి విశ్రాంతి దినంతో ఏం పనని అడిగేవాళ్లకు జవాబు పైన జాబితాలోనే ఉంది: పరదేశి. కృప పేరు చెప్పి మన బరువు దించుకోవచ్చుగానీ ఎదుటివాళ్ల విశ్రాంతి లాక్కోకూడదు. లూకా 13వ అధ్యాయంలో పద్దెనిమిదేళ్లుగా నడుం వంగిపోయిన స్త్రీని యేసు బాగుచేసింది విశ్రాంతి దినానే. అదేదో మిగతా ఆరు రోజుల్లో చేసుకోవచ్చుగా అని సమాజమందిరపు అధికారి విసుక్కున్నాడు. ఎద్దునూ గాడిదనూ కట్టు విప్పి నీళ్లకు తోలుకెళ్లేవాళ్లు ఈమె కట్టు విప్పితే ఎందుకు తప్పుపడుతున్నారని యేసు అడిగాడు. వంగి వంగి ఇల్లు తుడిచే మనిషి మన కళ్లముందున్నప్పుడు ఆ అధ్యాయాన్ని ఆధ్యాత్మిక అర్థంతో సరిపెట్టుకోవడం ఈ రచయితకు చేతకావడం లేదు.

అసలు చిక్కు ఆచరణలో ఉంది. మూడు నాలుగిళ్లలో చేసే మనిషికి ఒక ఇల్లు ఆదివారం, ఇంకో ఇల్లు బుధవారం సెలవిస్తే ఆమెకు సెలవే లేదు. అందుకే ఒకే అపార్టుమెంటులో, ఒకే వీధిలో ఉన్న విశ్వాసులు ముందు కూర్చుని మాట్లాడుకోవాలి, ఆమె కోరిన రోజునే అన్ని ఇళ్లూ ఖాయం చెయ్యాలి. మన సంఘం కాని పొరుగువాళ్లనూ అడగాలి. సెలవు రోజు అంట్లు మర్నాటికి పోగెయ్యకూడదు, ఎవరు తిన్న కంచం వాళ్లే కడుక్కోవాలి. పండగ సెలవులు, జబ్బు చేసిన రోజులు దీన్లో కలపకూడదు.

సంఘం ఇంకా ముందుండాలి. ఆదివారం పొద్దున్నే గేటు తీసేది, కుర్చీలు వేసేది, ప్రేమవిందు గిన్నెలు కడిగేది జీతానికున్న మనుషులే. వాళ్లకు ఆ రోజు కుదరకపోతే వారంలో మరో రోజు రాతపూర్వకంగా కేటాయించాలి. వచ్చే కమిటీ సమావేశంలో దీన్ని తీర్మానంగా పెట్టండి. వాచ్‌మన్ సెలవు రోజున బదులు మనిషి కూలి సంఘ ఖాతాలోంచి ఇవ్వాలనీ, అతని జీతంలో పట్టుకోకూడదనీ తీర్మానంలో స్పష్టంగా రాయించండి. ప్రేమవిందు గిన్నెల వంతు యవ్వనస్థులదీ కమిటీ సభ్యులదీ. కమిటీ సభ్యుల పేర్లే ముందు రాయండి.