ఒక తీగె, రెండు కంప్యూటర్లు: ఇంట్లో తగవు ఎందుకు?

తొండూరు: ఇంట్లో రెండో కంప్యూటర్ పెడితే రెండో ఇంటర్నెట్ కనెక్షన్ కూడా తీసుకోవలసిందేనా? ఈ సందేహం నేడు పల్లెల్లో చాలా కుటుంబాలను పీడిస్తున్నది. తెలియక కొందరు రెండు బిల్లులు కడుతున్నారు. మరికొందరు ఒకే కనెక్షన్ కోసం ఇంట్లోనే వాదులాడుకుంటున్నారు. ఈ రెండూ అనవసరమే. ఒక తీగెతో రెండు కంప్యూటర్లు నిక్షేపంగా నడుస్తాయి. అయితే ఎవరికి ఎంత, ఎప్పుడు అన్న ఒప్పందం మాత్రం ఇంటి పెద్దలు చేయాలి. ఆ పని పెట్టె చేయదు.

వానదేవుడి మీద ఆధారపడిన ఈ మండలంలో వందల అడుగులు బోరు దించినా తడి తగలని కయ్యలు ఎన్నో ఉండగా, ఇంటికి రెండు కంప్యూటర్ల గురించి మాట్లాడటం విడ్డూరమని పెద్దలు కొందరు అనవచ్చు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2017-18లో జరిపిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం మాత్రమే. కాని ఆ తర్వాత కాలం మారింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు బడులు, కళాశాలలు మూతపడి పాఠాలు తెర మీదికి వచ్చాయి. బెంగళూరు, హైదరాబాదులలో ఉద్యోగాలు చేస్తున్న యువకులు ల్యాప్‌టాప్‌లు సంకన పెట్టుకొని సొంత ఊళ్లకు చేరుకొన్నారు. అంతకు ముందే, 2008లో వేంపల్లె మండలం ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ నెలకొన్న నాటినుంచి, పదో తరగతి ముగించిన రైతుబిడ్డలు ల్యాప్‌టాప్‌తో ఇంటికి రావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆ విధంగా మూలన ఒక పాత కంప్యూటర్, మంచం మీద ఒక కొత్త ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్లు పల్లెల్లోనూ తయారయ్యాయి. వాటిని కొన్నది వేడుకకు కాదు. పొలం అడంగల్ చూసుకోవాలన్నా, ఇంజనీరింగ్ సీటుకు కళాశాలల వరుస పెట్టుకోవాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పంపాలన్నా నేడు ఇంటర్నెట్ లేనిదే పని జరగదు.

అసలు సంగతికి వస్తే, మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రారంభమైంది. అప్పట్లో అది టెలిఫోను తీగె మీదనే నడిచేది. ఇంటర్నెట్ వాడుతున్నంతసేపు ఫోను మోగేది కాదు. ఆ కాలంలో ఒక కనెక్షన్ అంటే ఒక కంప్యూటరే. 1999లో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 98 రెండవ కూర్పులో ఒక కంప్యూటర్‌కు వచ్చే కనెక్షన్‌ను పక్క కంప్యూటర్‌కు పంచే ఏర్పాటు చేర్చింది. రెంటినీ ఒక తీగెతో కలిపేవారు. అందులో ఒక చిక్కు ఉండేది. మొదటి కంప్యూటర్ ఆపేస్తే రెండోది కూడా ఆగిపోయేది. అన్న నిద్రపోతే తమ్ముడి పని ఆగినట్లే.

ఇప్పుడు ఆ బాధ లేదు. కేబుల్ వారు గోడకు బిగించి పోయే చిన్న పెట్టెలోనే పంచే యంత్రం ఉంటుంది. దానినే రౌటర్ అంటారు. ఎక్కువ పెట్టెలకు వెనుక వైపు తీగెలు గుచ్చేందుకు రెండో నాలుగో రంధ్రాలుంటాయి. అవి ఎందుకో తెలియక చాలా ఇళ్లలో దుమ్ము పట్టి ఉన్నాయి. తీగె లేకుండా వైఫై ద్వారా కూడా అదే పెట్టె కంప్యూటర్లకు, ఫోన్లకు ఇంటర్నెట్ అందిస్తుంది. రెండో కంప్యూటర్‌కు వేరే కనెక్షన్ కావాలని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

ఈ పంపకం ఎలా జరుగుతుందో తెలిస్తే సగం అపోహలు తొలగుతాయి. ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికి ఒక అంకెల చిరునామా కావాలి. మొదట ఏర్పరచిన పద్ధతిలో అటువంటి చిరునామాలు మొత్తం 429 కోట్లు మాత్రమే. లోకంలోని జనాభాకే అవి చాలవు, ఇక మనిషికి రెండు మూడు యంత్రాలుంటే చెప్పనే అక్కరలేదు. అందువల్ల ఇంటికంతటికీ బయట ఒకే చిరునామా పెట్టి, ఇంట్లో ప్రతి యంత్రానికి లోపలి చిరునామా ఇచ్చే ఉపాయాన్ని 1990లలో కనుగొన్నారు. 192.168 అంకెలతో మొదలయ్యే చిరునామాలు అటువంటివే. ఉమ్మడి కుటుంబానికి ఒకే డోరు నంబరుతో ఉత్తరాలు వస్తే, ఇంటి పెద్ద పేరు చూసి ఎవరిది వారికి అందించినట్లు, ఏ కంప్యూటర్ ఏమి అడిగిందో రౌటర్ తన లెక్కలో రాసుకొని, వచ్చిన జవాబును ఆ కంప్యూటర్‌కే చేరుస్తుంది. బయటివారికి ఆ ఇంట్లో ఎన్ని కంప్యూటర్లున్నదీ మామూలుగా కనిపించదు.

తగవు వచ్చేది చిరునామా దగ్గర కాదు, వేగం దగ్గర. కనెక్షన్ వేగాన్ని ఎంబీపీఎస్‌లలో చెబుతారు. ఇది మెగాబిట్ల లెక్క. సినిమా, ఫోటోల పరిమాణాన్ని చెప్పేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు దిగేది ఎక్కువలో ఎక్కువ 5 మెగాబైట్లే. ఈ తేడా తెలియక కేబుల్ వారు మోసం చేశారని కేకలు వేసేవారు కొందరైతే, ఈ తేడా తెలియదు కదా అని నిజంగానే తక్కువ ఇచ్చే కేబుల్ వారు కొందరు. వేగం కొలిచే ఉచిత సౌకర్యం ఇంటర్నెట్‌లోనే ఉన్నది. నెలకొకసారి కొలిచి కాగితం మీద రాసి పెట్టుకొంటే బిల్లు కట్టేటప్పుడు అడగడానికి నోరు ఉంటుంది. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అని పిలవడానికి కనీసం 2 ఎంబీపీఎస్ వేగం ఉండాలని నిర్ణయించింది. అంతకు ముందు 512 కేబీపీఎస్ ఉంటే చాలుననేవారు.

ముఖం కనిపించేటట్లు పాఠం వినడానికి రెండు మూడు ఎంబీపీఎస్ సరిపోతుంది. ఆఫీసు పనికి కూడా అంతే. 40 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో ఇద్దరు ఒకేసారి కూర్చున్నా ఇబ్బంది రాదు. అయినా పాఠం మధ్యలో టీచరు ముఖం బిగుసుకుపోతున్నదంటే కారణం వేరే ఉంటుంది. రెండో గదిలో ఎవరో పెద్ద సినిమా దించుకొంటూ ఉంటారు, లేదా కంప్యూటర్ తనకు తానే విండోస్ కొత్త కూర్పును దించుకొంటూ ఉంటుంది. ఇటువంటి పనులకు అంతు లేదు. ఎంత వేగం ఇస్తే అంతా మింగేస్తాయి.

కపిలలు తోలిన రోజుల్లో ఒకే బావిపై ఇద్దరు ముగ్గురు వాటాదార్లు ఉండేవారు. ఎవరి వంతు ఏ పొద్దు అన్నది ముందే అనుకొనేవారు. నారుమడికి నీళ్లు అత్యవసరమైతే వంతు కాకపోయినా వదిలేవారు. పెద్ద సినిమాలు, కంప్యూటర్ల సొంత పనులు రాత్రి పది దాటాక పెట్టుకోవాలని ఇంట్లో ఒక వంతు ఏర్పాటు చేసుకొంటే పగటి తగవు సగం తీరిపోతుంది. కొన్ని రౌటర్లలో ఏ యంత్రానికి ఎంత వేగం వదలాలో నిర్ణయించే వీలు కూడా ఉన్నది. బిగించడానికి వచ్చిన కుర్రవాణ్ణి అడిగితే ఐదు నిమిషాల్లో చేసి పెడతాడు. అడగాలి, అంతే.

గోడల సంగతి మరచిపోరాదు. వైఫై గురించి పట్టణాల వారు చెప్పే మాటలు అపార్టుమెంట్ల పలుచని గోడలకు సరిపోతాయి. ఈ ప్రాంతంలో పాత మిద్దెల గోడలు రాయి, మట్టి కలిపి మూరెడు మందాన కట్టినవి. వేసవిలో చల్లగా ఉంచే ఆ గోడలే వైఫైని అడ్డుకొంటాయి. పెట్టె వీధి గదిలో ఉంటే వంటింటి పక్క గదికి అందదు. అప్పుడు ఇంకో కనెక్షన్ తీసుకోవలసిన పని లేదు. రౌటర్ వెనుక రంధ్రం నుంచి లోపలి గదికి ఒక ల్యాన్ తీగె లాగితే సరిపోతుంది. అది వంద మీటర్ల దూరం వరకు పనిచేస్తుంది. అంత పొడవున్న ఇల్లు మండలంలో ఎవరికీ ఉండదు. వైఫైలో కూడా రెండు రకాలున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ రకం గోడలు దాటి కొంత దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ రకం వేగం ఎక్కువ, కాని గోడ ఎదురైతే నీరసిస్తుంది.

ఇక్కడే అసలు అన్యాయం జరుగుతున్నది. పెట్టె ఎక్కడ బిగించాలన్నది మామూలుగా కొడుకు చెబుతాడు, లేదా టీవీ ఉన్న చోటు చెబుతుంది. దాంతో కొడుకు కంప్యూటర్‌కు తీగె, కూతురు ల్యాప్‌టాప్‌కు రెండు గోడలు దాటి వచ్చే చాలీచాలని వైఫై మిగులుతాయి. కొడుకు ఆట ఆడుతుంటే ఎవరూ పట్టించుకోరు. కూతురు ఇంజనీరింగ్ కౌన్సెలింగులో కళాశాలల పేర్లు పెట్టుకొంటుంటే ‘చాలులే, రేపు చూసుకో’ అంటారు. రేపటికి గడువు దాటిపోతే మరో విడత దాకా ఆగవలసిందే, ఆ లోపల మంచి సీట్లు వేరొకరి పాలవుతాయి. చీనీ తోట మీద అప్పు తెచ్చి చదివించే తండ్రి, ఇరవై మీటర్ల తీగె కొనడానికి వెనుకాడటం శోచనీయం. చదివే పిల్ల గదికి తీగె, ఆడుకొనే పిల్లవాడికి వైఫై అన్నది న్యాయమైన పంపకం.

కనెక్షన్ లేనివారు ఫోన్‌నే పెట్టెగా వాడి రెండు కంప్యూటర్లకు పంచుతున్నారు. దీనినే హాట్‌స్పాట్ అంటున్నారు. అవసరానికి మంచిదే. కాని ముఖం కనిపించే పాఠం ఒక గంట వింటే సుమారు ఒక జీబీ ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల రీచార్జి వేసుకొన్నవారికి మధ్యాహ్నానికే కుండ ఖాళీ. పైగా ఫోన్ కాగిపోతుంది, దాన్ని పట్టుకొని పెద్దాయన కయ్యకాడికి పోతే ఇంట్లో రెండు కంప్యూటర్లూ మూగబోతాయి.

ఒకే ఇంటి సంగతి ఇది. గోడకు అటు అన్న, ఇటు తమ్ముడు వేరుపడిన ఇళ్లలో ఏం చేయాలి? పొయ్యిలు వేరైనా తీగె ఒకటే పెట్టుకొని బిల్లు చెరి సగం కట్టుకోవాలనుకోవడం సహజం. సాంకేతికంగా అడ్డేమీ లేదు. కాని కనెక్షన్ ఎవరి పేరున ఉంటే, దాని మీద జరిగిన మంచిచెడ్డలకు మొదట సంజాయిషీ చెప్పవలసింది వారే. పక్కింటి కుర్రవాడు తప్పుడు పని చేస్తే పోలీసులు వచ్చేది బిల్లు మీద పేరున్న ఇంటికి. ఇంటి కనెక్షన్‌ను బయటివారికి పంచరాదని, అమ్మరాదని కంపెనీల షరతుల్లో ఉండటం కూడా మామూలే. అందువల్ల ఒకే కుటుంబం మధ్య అయితే సరే, వీధి వీధికంతా పాస్‌వర్డ్ చెప్పి దానకర్ణులు కావడం మంచిది కాదు. చుట్టాలు వచ్చి పోయాక పాస్‌వర్డ్ మార్చుకోవడం, పెట్టెతోపాటు కంపెనీ ఇచ్చిన పాత పాస్‌వర్డ్‌ను అలాగే ఉంచకపోవడం అవసరం.

నలుగురికి పంచాలనుకొనేవారికి వేరే దారి ఉన్నది. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి అనే పథకాన్ని ఆమోదించింది. దాని ప్రకారం కిరాణా కొట్టు, టీ అంగడి పెట్టుకొన్నవారు కూడా లైసెన్సు లేకుండా, ఫీజు లేకుండా వైఫై కేంద్రం నడుపుకోవచ్చు. ఐదేళ్లు దాటినా ఇటువంటి పథకం ఉన్నదన్న సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. ముద్దనూరు, పులివెందుల దారిలో బస్సు కోసం కాచుకొనే విద్యార్థులకు ఇది ఎంతో ఉపకరిస్తుంది.

కరెంటు సంగతి చెప్పకపోతే ఈ మాటలన్నీ వృథా. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ రెండు గంటలు నడుస్తుంది. పెట్టె మాత్రం ఆ క్షణమే ఆరిపోతుంది. రౌటర్‌కు కావలసింది చాలా పెట్టెలలో 12 వోల్టులే. దానికి సరిపడే చిన్న బ్యాటరీ పెట్టెలు బజారులో దొరుకుతున్నాయి. పెద్ద ఇన్వర్టర్ అవసరం లేదు.

రాష్ట్రంలో ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామన్నారు. కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగె లాగారు. తర్వాత ధరలు మారాయి. స్తంభాల మీద తీగె కాబట్టి గాలివానకు కొమ్మ విరిగి పడితే అదీ తెగుతుంది. ఊరి చివర తెగిన తీగెను రోజుల తరబడి అతకకపోతే, ఒక ఇంట్లో రెండు కంప్యూటర్లకు పంచడం ఎలాగన్న చర్చకే అర్థముండదు. తెగిన తీగెను ఎన్ని గంటల్లో అతకాలో, అతకని రోజులకు బిల్లులో ఎంత తగ్గించాలో రసీదు మీదనే అచ్చు వేయించేటట్లు అధికారులు కేబుల్ వారిని ఒప్పించాలి. 2019 అక్టోబరు 2 నుంచి పనిచేస్తున్న గ్రామ సచివాలయాల్లో ఇంటర్నెట్ తెలిసిన ఉద్యోగులున్నారు. నెలలో ఒక సాయంత్రం వారు ఊరివారిని కూర్చోబెట్టి, రౌటర్ వెనుక రంధ్రంలో తీగె ఎలా గుచ్చాలో, పాస్‌వర్డ్ ఎలా మార్చాలో చూపిస్తే అరగంట పని. అందుకు జీవో అక్కరలేదు, నిధులు అక్కరలేదు, ఇరవై మీటర్ల ల్యాన్ తీగె ఒకటి ఉంటే చాలు.