యెస్ అనాలా, నో అనాలా?

'హావెంట్ యూ ఈటెన్ యెట్?' అని ఇంగ్లీషులో అడిగితే, తినని మనిషి 'నో' అనాలి. జపాన్ హైస్కూల్ కుర్రాడు చాలాసార్లు 'యెస్' అంటాడు. మార్కు పోతుంది. ఇప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌కు రండి. అక్కడి మలంచా ప్రాంతంలో ఓ తెలుగింటి పిల్లవాడిని 'ఇంకా తినలేదా?' అని అడగండి. 'అవును, తినలేదు' అంటాడు. ఇంగ్లీషులో అడిగినా నోటికి ముందు వచ్చేది ఆ 'యెస్' అనే మాటే. ఇద్దరిలో ఎవరికీ తెలివితేటలు తక్కువ కాదు. అడిగినవాడి మాట నిజమైతే అవుననడం తెలుగు, జపనీస్‌ల పద్ధతి. పని జరిగితే యెస్, జరగకపోతే నో అనడం ఇంగ్లీషు పద్ధతి. ఈ తేడా ఒక్కసారి విడమరిచి చెబితే ఆ పాఠం పూర్తయినట్టే. ప్రశ్నల్లా, అది చెప్పగలిగేది ఎవరన్నదే.

జపాన్ ప్రభుత్వం 1987 నుంచి 'జెట్' పథకం కింద విదేశీ యువతను బడులకు రప్పిస్తోంది. వారిలో అత్యధికులు ఇంగ్లీషు తరగతుల్లో సహాయక ఉపాధ్యాయులు. ఉచ్చారణకు, సంభాషణకు వారి సాయం విలువైనదే. వ్యాకరణం దగ్గరికి వచ్చేసరికి, పుట్టుకతో వచ్చిన భాషలో 'మేం ఇలాగే అంటాం' అనడం తేలిక, ఎందుకో చెప్పడం కష్టం. పిల్లవాడిని అతడి సొంత భాష ఎటు లాగుతోందో తెలిసినవారికే ఆ పని సులువు. ఆ లాగుడు తెలుగువారికి బాగా తెలుసు.

ఒక ఉదాహరణ చూడండి. 'నిన్న మలంచాలో కొన్న పుస్తకం' అంటాం మనం. జపనీస్‌లో అదే 'కినో మరంచా దె కత్తా హొన్'. 'కినో' అంటే నిన్న, 'దె' మన 'లో', 'కత్తా' అంటే కొన్న, 'హొన్' అంటే పుస్తకం. వరుస ఒక్కచోట కూడా మారలేదు. ఇంగ్లీషు మాత్రం 'ది బుక్ ఐ బాట్ ఇన్ మలంచా ఎస్టర్‌డే' అని మొత్తం తలకిందులు చేస్తుంది. మనం చివర చెప్పే పుస్తకాన్ని అది మొదటే చెప్పేసి, వివరాలు వెనక తగిలిస్తుంది. రిలేటివ్ క్లాజ్ పేరు వింటే ఇరుదేశాల పిల్లలూ భయపడేది ఇందుకే.

'ఎ', 'ది'ల సంగతీ అంతే. ఇవి రెండు భాషల్లోనూ లేవు. కానీ వాటి పని తెలియనిది కాదు. మన కథల్లో మొదట 'ఒక ముసలాయన' వస్తాడు, రెండో వాక్యంలో 'ఆ ముసలాయన' అవుతాడు. జపాన్ జానపద కథల్లో కొత్తగా వచ్చిన ముసలాయన పక్కన 'గ' అనే ప్రత్యయం ఉంటుంది, పరిచయమయ్యాక అది 'వ' అవుతుంది. కొత్తదీ తెలిసినదీ అన్న తేడా పట్టుకుంటే ఆర్టికల్స్‌లో సగం చిక్కు విడిపోతుంది.

అన్నీ కలుస్తాయని కాదు. మనకు ఏకవచనం, బహువచనం తప్పనిసరి, వారికి కాదు. క్రియ చివర మనం 'వచ్చాడు, వచ్చింది' అని మార్చినట్టు వారు మార్చరు. 'ల', 'ర'ల తేడా వారికి లేదు, అందుకే మలంచా 'మరంచా' అయింది. జపనీస్‌కూ తమిళానికీ చుట్టరికం ఉందని ఓనో సుసుము అనే జపాన్ పండితుడు వాదించారు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువ మంది దాన్ని అంగీకరించలేదు. చుట్టరికం లేకపోయినా వాక్య నిర్మాణంలో పోలిక ఉంది. పాఠం చెప్పడానికి అది చాలు.

అయితే ఈ సాయానికి ఒక హద్దుంది. జపాన్‌లో 'యాకుదొకు' అనే పాత పద్ధతి ఉంది. ఇంగ్లీషు వాక్యాన్ని చివరి నుంచి వెనక్కి వస్తూ మాటకు మాట అనువదించుకోవడమే అది. పూర్వం చైనా గ్రంథాలను కూడా పదాల పక్కన గుర్తులు పెట్టుకుని తమ వరుసలోకి తిప్పుకునే చదివేవారు. వ్యాకరణం అర్థం కావడానికి ఇది పనికొస్తుంది. చదవడానికి మాత్రం అడ్డే. 2021లో మొదలైన కొత్త ఉమ్మడి ప్రవేశపరీక్షలో విడిగా అడిగే వ్యాకరణ ప్రశ్నలు తీసేశారు. 80 నిమిషాల్లో కొన్ని వేల పదాలు చదివి జవాబులు పట్టాలి. ప్రతి వాక్యాన్నీ తిరగేసి చదివేవాడికి సమయం చాలదు.

దీనికి విరుగుడు వాక్యాన్ని ముక్కలు చేసి ముందు నుంచే చదవడం. 'పుస్తకం... నేను కొన్నది... మలంచాలో... నిన్న' అని వచ్చిన వరుసలోనే అర్థం పోగు చేసుకోవాలి. జపాన్ తరగతుల్లో ఇందుకు పెన్సిలుతో అడ్డగీతలు గీయిస్తారు. మన ట్యూషన్లలోనూ గీయించవచ్చు.

ఇక మలంచా మాట. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. వారి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. నాలుగు భాషల బరువు ఎక్కువనిపించినప్పుడు అమ్మానాన్నలు ముందుగా దించేది తెలుగునే. 2020 డిసెంబరులో తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది గౌరవమే. కానీ ఇంట్లో తెలుగు నిలిచేది దాని వల్ల ఉపయోగం కనిపించినప్పుడే.

ఆ ఉపయోగం ఇంగ్లీషు పాఠంలోనే ఉంది. తెలుగు వాక్యం ఎలా కట్టారో తెలిసిన పిల్లవాడికి ఇంగ్లీషు వాక్యం ఎక్కడ తిరగబడిందో కనిపిస్తుంది. రేపు జపాన్ వెళ్లినా, అక్కడి పిల్లలకు పాఠం చెప్పాల్సి వచ్చినా, అదే తెలుగు మూడో భాషకూ అక్కరకొస్తుంది. మలంచాలో సాయంత్రం ట్యూషన్ చెప్పేవారు ఇంగ్లీషు వాక్యం కింద తెలుగు వాక్యం కూడా రాసి చూపాలి. అందుకు అయ్యే ఖర్చు కాస్త సుద్దముక్క మాత్రమే.