మంటను ముందే లెక్కగట్టాలి

ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్‌ తనిఖీ అంటే డ్రమ్ము, ట్యూబులు ఒత్తిడికి ఆగుతాయా లేదా అని చూడడమే. 1923 నాటి చట్టం దృష్టి అదే, దాని స్థానంలో 2025లో వచ్చిన బాయిలర్ల చట్టంలోనూ పెద్దపీట భద్రతకే. అది ఉండాల్సిందే. కానీ లోపల ఇంధనం ఎలా కాలుతోందన్నది ఎవరికి పట్టింది? బొగ్గు ఖరీదైందని ఊకకు, ఊక దొరక్క పత్తికట్టెకు మారే చోట ఈ ప్రశ్నను వదిలేయకూడదు. బాయిలర్ కొనే ముందు, ఇంధనం మార్చే ముందు ఆ మంటను కంప్యూటర్‌లో నమూనాగా కట్టి చూడడం ఆనవాయితీ కావాలి.

జీవ ఇంధనం బొగ్గులా కాలదు. కట్టె, గడ్డి వంటి వాటి పొడి బరువులో 70 నుంచి 80 శాతం వేడి తగలగానే వాయువులై లేస్తుంది. అంటే మంటలో ఎక్కువ భాగం ఇంధనం పరిచే జల్లెడ లాంటి గ్రేట్ మీద కాదు, దాని పైనున్న ఖాళీలో ఉంటుంది. అక్కడికి పైనుంచి పంపే సెకండరీ గాలి చాలినంత అందకపోతే ఆ వాయువులు అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా, మసిగా చిమ్నీ దారి పడతాయి. పోనీ కింది గాలి పెంచుదామంటే, తేలికైన ఊక కాలకుండానే ఎగిరిపోతుంది. ఊక బరువులో సుమారు అయిదో వంతు బూడిదే, అందులో దాదాపు 90 శాతం సిలికా. అందుకే కాలిన ఊక పొట్టును వేళ్లమధ్య పట్టి చూస్తే పడవలాంటి ఆకారం అలాగే నిలిచి ఉంటుంది. అది నల్లగా ఉందంటే కార్బన్ కాలకుండా మిగిలిందన్నమాట, డబ్బు పెట్టి కొన్న వేడి బూడిదకుప్పలో పడిందన్నమాట. మరీ వేడెక్కితే సిలికా స్ఫటికంగా మారుతుంది, ఆ ధూళి కార్మికుల ఊపిరితిత్తులకు చేటు. వరిగడ్డితో ఇంకో చిక్కు: దానిలోని పొటాషియం, క్లోరిన్ ఆవిరై సూపర్‌హీటర్ ట్యూబుల మీద ఉప్పుపొరగా పేరుకుని లోహాన్ని తినేస్తాయి. డెన్మార్క్‌లో గడ్డితో నడిచే విద్యుత్ కేంద్రాలు ఈ తుప్పుతో చాలా అవస్థపడ్డాయి.

కంప్యూటర్ నమూనా ఫర్నేస్‌ను లక్షల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి వేగం, ఉష్ణోగ్రత, వాయువుల పాళ్లు లెక్కిస్తుంది. గ్రేట్ మీది ఇంధనం ఆరడం, వాయువులు వదలడం, మిగిలిన కార్బన్ కాలడం వేరే లెక్క. రెంటినీ కలిపి చూస్తే గాలి రంధ్రాన్ని ఎక్కడికి జరపాలో ఉక్కు కోయకముందే తెలుస్తుంది.

అనుభవమున్న ఫైర్‌మన్ చాలడా అంటారు. మంట రంగు చూసి అతను గాలి సరిదిద్దగలడు, ఆ నేర్పు విలువైనది. కానీ అది అతను కాల్చిన ఇంధనాలతో అబ్బింది. కొత్త ఇంధనానికీ, కంటికి కనిపించని ట్యూబుల వరసకూ అది సాయపడదు. నమూనాలు తప్పుతాయన్న అభ్యంతరం మరింత బలమైనది. తేమ 10 శాతమని లెక్కకట్టాక 25 శాతం తేమ ఉన్న కట్టె వస్తే ఆ ఫలితం చెల్లదు. కాబట్టి ఇంధన పరీక్ష, చిమ్నీ వాయువుల్లో ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ కొలత లేకుండా ఏ నమూనానూ నమ్మకూడదు.

ఖర్చు మాటకొస్తే, ఓపెన్‌ఫోమ్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితం, ఖరీదైనది నిపుణుల సమయం. ఆ ఖర్చును ఒక్కో మిల్లు మీద మోపనక్కర్లేదు. ఒకే తరహా బాయిలర్లకు ఒక నమూనా కట్టి, నాలుగైదు ఇంధనాలతో సరిచూస్తే ఆ తరహా మిల్లులన్నిటికీ అది పనికొస్తుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో జీవ ఇంధన గుళికలు కలపాలని 2021లో విధానం సవరించింది ప్రభుత్వమే. అలాంటప్పుడు ఊక, గడ్డి, పత్తికట్టె, చెరకు పిప్పి పరీక్షల వివరాలను జిల్లాలవారీగా అందరికీ అందుబాటులో పెట్టే బాధ్యత కూడా దానిదే. మన ఇంజినీరింగ్ కళాశాలలకు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఆ పని వచ్చే ఖరీఫ్ కోతల నుంచే అప్పగించవచ్చు.