పంకా షోర్‌కి జిమ్మేదార్ ఎవరు?

దోస్తులారా, ఈసారి కంప్యూటర్ పంకా గురించి రాస్తున్నాను. ఇదీ ఒక మస్‌లానేనా అని నవ్వకండి. చిన్న చిన్న యూట్యూబ్ చానెళ్ల ఆఫీసుల్లో, వీడియో ఎడిటింగ్ దుకాణాల్లో పెద్ద కంపెనీలు తీసేసిన సర్వర్లు కనబడుతున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో సస్తాగా దొరుకుతాయి, పని బాగా లాగుతాయి. సేఠ్ కొంటాడు, తెచ్చి పనిచేసే కుర్రాళ్ల కాళ్ల దగ్గర పెడతాడు. ఆన్ చేయగానే గదంతా హోరు. పొద్దున్నుంచి రాత్రి దాకా అదే షోర్. అడిగితే "పెద్ద మషీన్ కదా భాయ్, చప్పుడు మామూలే" అంటారు. ఆ "మామూలే" అనే మాట మీదే నా ఎతరాజ్.

అసలు ఆ మషీన్ మనిషి పక్కన పెట్టుకోవడానికి తయారైంది కాదు. తాళం వేసిన ఏసీ గదిలో, ఇనుప రాక్‌లో, ఎవరూ కూర్చోని చోట ఉండాల్సింది. పలక లాంటి సర్వర్ మందం నాలుగున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. అందులో పట్టేవి 40 మిల్లీమీటర్ల బుల్లి పంకాలు. అంత చిన్న రెక్కలు సరిపడా గాలి తోయాలంటే నిమిషానికి 10, 15 వేల చుట్లు తిరగాలి. మన ఇంటి సీలింగ్ ఫ్యాన్ ఫుల్లుగా తిరిగినా 300, 400 చుట్లే. ఈల లాంటి ఆ కూత ఎక్కడిదో ఇప్పుడు సమజ్ అయ్యుంటుంది.

అయితే ఈ షోర్ కిస్మత్ కాదు. దీనికో సీదా హిసాబ్ ఉంది. పంకా వేగం సగం చేస్తే గాలి సగం అవుతుంది. కరెంటు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చప్పుడు దాదాపు 15 డెసిబెల్ తగ్గుతుంది. 10 డెసిబెల్ తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది. పోయిన సగం గాలి కావాలంటే పక్కన అలాంటిదే ఇంకో పంకా పెట్టుకోవచ్చు. రెండోది కలిపితే పెరిగే చప్పుడు 3 డెసిబెల్ మాత్రమే. డబ్బా లోపల ఇరుకు ఎక్కువుంటే ఇంత ఫాయిదా రాదు, నిజమే. అయినా ఉసూల్ మారదు: చిన్న పంకాను పరుగెత్తించడం కన్నా పెద్ద పంకాను నిదానంగా తిప్పడం మేలు.

వేగం తగ్గించే తరీకా కూడా పంకాలోనే ఉంది. ఈ కాలం పంకాకి నాలుగు తీగలు. ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు. మూడోది ఖబర్ తెచ్చే తీగ, ఒక్కో చుట్టుకు రెండు సైగలు పంపి తన వేగం చెబుతుంది. నాలుగోది హుకుం తీగ. బోర్డు దాని మీద సెకనుకు 25,000 సార్లు ఆన్, ఆఫ్ అంటుంది. ఆన్ ఎంత సేపు, ఆఫ్ ఎంత సేపు అన్నదాన్ని బట్టి వేగం. అన్ని సార్లు ఎందుకంటే మనిషి చెవి 20,000 దాటి వినలేదు. చూశారా, ఈ తీగను తయారుచేసినవాడికి మన చెవి యాదికి ఉంది. కొని పెట్టినవాడికే లేదు.

ఇక్కడ మన జుగాడ్‌వాలాలకు ఒక హెచ్చరిక. మామూలు మదర్‌బోర్డులో పంకా పిన్ను చాలావరకు ఒక ఆంపియర్‌కే తట్టుకుంటుంది. కొన్ని సర్వర్ పంకాలు ఒక్కొక్కటే అంతకు రెండింతలు, మూడింతలు లాగుతాయి. తెచ్చి గుచ్చితే బోర్డు కాలుతుంది. కరెంటు పవర్ సప్లై నుంచి సీదాగా ఇచ్చి, హుకుం తీగ, ఖబర్ తీగ మాత్రమే బోర్డుకు కలపాలి. గ్రౌండ్ రెండింటికీ ఒకటే ఉండాలి. ఇంకొందరు సర్వర్ పంకా పీకేసి నిదానం పంకా పెడతారు. చాలా సర్వర్లు దాని తక్కువ వేగం చూసి "పంకా చచ్చిపోయింది" అనుకుని మిగతావాటిని ఫుల్లుగా తిప్పుతాయి. షోర్ తగ్గకపోగా పెరుగుతుంది. ముందు ఆ హద్దును సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి.

ఎంత గర్మీకి ఎంత వేగం అన్నది కూడా అక్కడే రాసుకోవచ్చు. వేడి రెండు డిగ్రీలు పెరగ్గానే లేచి, తగ్గగానే పడిపోయే పంకా మరీ సతాయిస్తుంది. ఒకే తీరు చప్పుడుకి చెవి అలవాటు పడుతుంది, ఎగిరిపడే చప్పుడుకి పడదు. అందుకే మార్పుకి కొంచెం మొహలత్ ఇవ్వాలి. జనవరిలో రాసుకున్న లెక్క మే నెలలో మళ్లీ చూసుకోవాలి. గదిలోనే 40 డిగ్రీలుంటే మషీన్ అంతకన్నా చల్లబడదు. దుమ్ము దులపకుండా, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చకుండా పంకాని తిట్టి లాభం లేదు.

"వేగం తగ్గిస్తే మషీన్ ఖరాబ్ అయితే?" అంటాడు సేఠ్. జాయజ్ సవాలే. గుడ్డిగా తగ్గించమని నేనూ అనను. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తనంతట తానే నెమ్మదిస్తుంది. హార్డ్ డిస్కుకి ఆ తెలివి లేదు, దాని వేడి మీద నజర్ ఉంచాలి. ఇవన్నీ తల్‌నొప్పి అనుకుంటే మషీన్‌ని గోడ అవతల పెట్టండి. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. పక్క గది అంతకన్నా దూరమా?

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఎడిటింగ్ కుర్రాడొకడు అనేవాడు: "ఇంటికెళ్లి పడుకున్నాక కూడా చెవుల్లో మోగుతనే ఉంటది భాయ్." మషీన్ మోత మీద మాట వినబడాలని హెడ్‌ఫోన్ వాల్యూం పెంచుకునేవాడు. అసలు ఖత్రా అక్కడుంది. పంకా ఒక్కటే చెవిని చెడగొట్టకపోవచ్చు, దాన్ని మింగడానికి పెంచిన వాల్యూం చెడగొడుతుంది.

మా మసీదు మైకుకి డెసిబెల్ లెక్క అడిగేవాళ్లు దేశంలో చాలామంది. అడగండి. 2000లో వచ్చిన రూల్స్ ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45. కానూన్ అందరికీ ఒకటే, నేనూ మానుతాను. కానీ అజాన్ నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ కుర్రాడి కాళ్ల దగ్గరున్న మషీన్ పదిగంటలు మోగుతుంది. అక్కడికి మీటర్ పట్టుకుని వచ్చేవాడెవడు? రోడ్డు మీది షోర్ మీద బహస్ చేస్తాం, రోజీ కోసం కూర్చున్నవాడి గదిలో షోర్ మీద మాత్రం ఖామోష్.

ఇంగ్లీషు దొరల కచేరీల్లో పంకావాలా బయట కూర్చుని తాడు లాగేవాడు. హవా సాబ్‌కి, చెమట అతనికి. ఇప్పుడు తాడు పోయి మోటారు వచ్చింది. హవా మషీన్‌కి, షోర్ మనిషికి. తాడు లాగేవాడికి అప్పుడు మోటారు లేదు, అది ఆ కాలపు మజ్బూరీ అనుకుందాం. ఇప్పుడు ఏ మజ్బూరీ ఉంది? నాలుగో తీగ ఉంది, సెట్టింగ్స్ ఉన్నాయి, గోడ ఉంది. లేనిది ఖయాల్ ఒక్కటే.

కాబట్టి సేఠ్ సాబ్‌లకు నా గుజారిష్ ఇది. ఈసారి మషీన్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని అడిగినట్టే చప్పుడెంత అనీ అడగండి. దుకాణంలో ఫుల్లుగా నడిపించి, పక్కన అరగంట కూర్చుని చూడండి. మీరు కూర్చోలేని చోట పదివేల జీతానికి ఇంకొకణ్ణి కూర్చోబెట్టకండి.