చేలో చుట్టం, సంచిలో దొంగ

వరి కోతలయ్యాక కారంచేడు మాగాణుల్లో మినుము పచ్చబడిందంటే మన నోట ఒకటే మాట: పురుగు పడింది, మందు కొట్టాలి. ఏ పురుగు అని అడిగేవాళ్లు తక్కువ. మినుముకు వచ్చే రెండు పెంకు పురుగుల సంగతి చూద్దాం.

ఒకటి అక్షింతల పురుగు. ఎర్రటి వీపు, నల్ల చుక్కలు. లేత కొమ్మల రసం పీల్చే పేనుబంకే దాని తిండి. దాని పిల్ల పురుగు చిన్న మొసలిలా నల్లగా, పసుపు మచ్చలతో ఉంటుంది. అదీ పేనుబంకనే తింటుంది. దాన్ని చూసే మనం కంగారుపడి మందు కొడుతున్నాం. పేనుబంక కొద్ది రోజుల్లో మళ్లీ పెరుగుతుంది, అక్షింతల పురుగు అంత త్వరగా తిరిగిరాదు. దాంతో రెండో మందు, రెండో అప్పు.

ఇది మన ఊరి సంగతే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో నారింజ తోటల్ని పొలుసు పురుగు తినేస్తుంటే, 1888లో ఆస్ట్రేలియా నుంచి ఒక రకం అక్షింతల పురుగును తెచ్చి తోటలు నిలబెట్టుకున్నారు. 1940లలో డీడీటీ కొట్టేసరికి అక్షింతల పురుగు చచ్చి, పొలుసు పురుగు మళ్లీ విరుచుకుపడింది.

రెండోది పుచ్చు పురుగు. గోధుమ రంగు, నువ్వుగింజంత. చేలో పండిన కాయ మీదే గుడ్డు అంటించి మనతోపాటు ఇంటికొస్తుంది. పిల్ల పురుగు గింజలో దూరి లోపలే తింటుంది, దాదాపు నెలకు గుండ్రటి కన్నంలోంచి పెంకు పురుగై బయటికొస్తుంది. సంచిలో పిండి రాలేదాకా మనకు తెలియదు. పుచ్చిన మినుముకు కొనేవాడు చెప్పిందే ధర. ఈ భయం ఒకవైపు, అప్పులవాళ్లు ఒకవైపు. అందుకే కౌలు రైతు కల్లంలోనే తెగనమ్ముకుంటున్నాడు.

మేలు చేసే పురుగును చంపడానికి వేలు పోస్తున్నాం. దోచే పురుగును ఆపడానికి పైసా పెట్టడం లేదు. మందు కొట్టేముందు ఆకు తిప్పి చూద్దాం. అక్షింతల పురుగులు బాగా కనబడితే నాలుగు రోజులు ఆగుదాం. గింజను తేమ 9-10 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, గాలి చొరబడని సంచుల్లో పోద్దాం.

మిగతాది ఒక్క రైతు వల్ల అయ్యేది కాదు. తేమ కొలిచే మిషను, పట్టలు, ఆ సంచులు ప్రతి రైతు సేవా కేంద్రంలో ఉండాలి. గోదాములో పెట్టిన సరుకు మీద కౌలు రైతు పేరునే రుణం ఇవ్వాలి. కోతలకు ముందే ఈ అర్జీతో అధికారుల దగ్గరికి కలిసి వెళదాం.