గేర్‌బాక్స్ దింపాలా, ఆగాలా?

2014లో మారుతి సెలెరియోతో చవకగా దొరికే ఆటోమేటిక్ కార్లు మధ్యతరగతి ఇళ్లకు వచ్చాయి. ఆ తొలి బళ్లకు పదేళ్లు దాటిపోయాయి. అంతకంటే పాత హోండాలు, హ్యుందాయ్‌లు కూడా హైదరాబాద్ శివార్లలోని కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి గేరు పడటానికి మొరాయించిందంటే యజమానికి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. సర్వీస్ సెంటర్‌లో ‘అసెంబ్లీ మొత్తం మార్చాలి’ అంటారు. రోడ్డు పక్క మెకానిక్ ‘ముందు ఆయిల్ మార్చి చూద్దాం సార్’ అంటాడు.

మొదటి మాటను దోపిడీ అని కొట్టిపారెయ్యడం అన్యాయం. ఆయిల్ ఒత్తిడిని పంచే వాల్వ్ బాడీలో దారులు చాలా సన్నం. కాస్త చెత్త చేరినా వాల్వ్ ఇరుక్కుంటుంది. గేర్‌బాక్స్ దింపి ఎక్కించడానికయ్యే లేబర్ తక్కువేమీ కాదు. సగం రిపేరు చేసి నెలకే మళ్లీ దింపితే ఆ లేబర్ రెండుసార్లు కట్టాలి. కొత్త అసెంబ్లీకి వారంటీ అయినా ఉంటుంది.

అయితే జర్క్ వచ్చిన ప్రతిసారీ తప్పు గేర్‌బాక్స్‌ది కాదు. ఇంజిన్ మౌంట్ చిరిగినా, ఇగ్నిషన్ కాయిల్ మిస్ అవుతున్నా సీట్లో కూర్చున్నవాళ్లకు గేరు తన్నినట్టే ఉంటుంది. సెలెరియో లాంటి ఏఎంటీ బళ్లలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌ను, గేరును మీటే యంత్రం మాత్రమే అదనం. కొత్త క్లచ్ వేశాక దాన్ని కంప్యూటర్‌కు స్కానర్‌తో నేర్పించకపోతే బండి గింజుకుంటుంది. చవక స్కానర్ చూపించే పి0700 కోడ్ కూడా తీర్పు కాదు. ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో ఏదో లోపం నమోదైందని మాత్రమే దాని అర్థం. ఆ లోపమేమిటో లోపలి కోడ్ చదివితేనే తెలుస్తుంది.

టార్క్ కన్వర్టర్ ఉన్న కారైతే అవుటర్ రింగ్ రోడ్డు మీద మేడ్చల్, శామీర్‌పేట ఎగ్జిట్ల మధ్య దూరం పరీక్షకు చాలు. వెనక బండి లేనప్పుడు, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమ వరుసలో డెబ్బై, ఎనభై వేగంతో నిలకడగా పోనివ్వాలి. బండి వణుకుతుంటే బ్రేకు లైటు వెలిగేంత మాత్రం బ్రేకు తాకాలి. కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ విడిపోయి వణుకు ఆగితే అనుమానం దాని మీదికి పోతుంది. ఆగకపోతే ముందు ఇంజిన్, టైర్ల వైపు చూడాలి. పొద్దున బాగా నడిచి, సుచిత్ర ట్రాఫిక్‌లో వేడెక్కాక జారే బండి కథ వేరు. అక్కడ సీళ్లు, సోలనాయిడ్ల దగ్గర ఒత్తిడి పోతోందేమో చూడాలి.

ఇక ఆయిల్. ‘పాత బండికి కొత్త ఆయిల్ పోస్తే ఆగిపోతుంది’ అనే భయం ఊరికే పుట్టలేదు. అరిగిపోయిన క్లచ్ ప్లేట్ల పొడి ఆయిల్‌లో కలిసి కొంత పట్టునిస్తుంది. అది పోగానే జారుడు బయటపడుతుంది. కానీ అప్పటికే ఆ ప్లేట్ల పని అయిపోయింది. కొత్త ఆయిల్ దాన్ని బయటపెట్టిందంతే. పైగా మామూలుగా డ్రెయిన్ చేస్తే మొత్తం ఆయిల్ రాదు, చాలా భాగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే నేను మిషన్ పెట్టి ఒత్తిడితో కడిగించడం కంటే, కొన్నాళ్ల తేడాతో రెండు మూడుసార్లు డ్రెయిన్ చేయించడం వైపే మొగ్గుతాను. సీవీటీ రకం గేర్‌బాక్స్‌లో మామూలు ఆటోమేటిక్‌లకు వాడే ఏటీఎఫ్ ఆయిల్ పోస్తే మాత్రం బాగున్న గేర్‌బాక్స్ కూడా పాడవుతుంది. డబ్బా మీద పేరు యజమానే చదవాలి.

అలా ఆయిల్ తీస్తున్నప్పుడు దగ్గర నిలబడి చూడండి. పాన్‌లోని అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. మెరిసే రేకులు కనిపించినా, ఆయిల్ నల్లబడి మాడువాసన వేస్తూ బండి జారుతున్నా సర్వీస్ సెంటర్ మాటే నిజం. ఇంకో డబ్బా ఆయిల్ కొనడం దండగ. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు లోపలికి చేరాయన్నమాట. అప్పుడు ఇంటిదాకా కూడా నడపకూడదు. చక్రాలు నేలకు తగలకుండా బండి మీదికి ఎక్కించుకునే టోయింగ్ లారీని పిలవాలి.